పాత లారీ డీజిల్ ఇంజిను: పంపు సీలు విప్పే ముందు చేయవలసిన పనులు

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం మొగిలి ఘాటు పక్కన కాసేపు నిలబడి, చిత్తూరు వైపు నుంచి పలమనేరుకు ఎక్కే లారీలను చూస్తే, ఏ ఇంజిను ఏ స్థితిలో ఉందో చాలావరకు దాని పొగను బట్టే తెలిసిపోతుంది. ఒక పాత లారీ నిండు లోడుతో, కనీకనిపించని బూడిదరంగు పొగతో, ఒకే లయలో ఎక్కిపోతుంది. దాని వెనకే అంతే పాతది, అంతే బరువున్నది, వెనక వచ్చే బస్సుకు దారి కనపడనంత నల్లపొగ వదులుతూ ఒక్కొక్క గేరే దిగుతూ వస్తుంది. ఈ రెండో లారీ యజమాని షెడ్డుకు వెళ్తే మొదట వినే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "పంపు కొంచెం పెంచుదాంలే అన్నా." అంటే, సిలిండర్లలోకి డీజిల్ తోసే పంపు సీలు తెంపి, అది ఇచ్చే డీజిల్ పెంచుదామని. ఆ మాటకు తల ఊపే ముందు ఏయే పనులు, ఏ వరుసలో చేయాలో చెప్పడం కోసమే ఇది రాస్తున్నాను.

ట్యూనింగ్ అనే మాటను ఇక్కడ ఒకే అర్థంలో వాడుతున్నాను. ఇంజిను తయారైన నాడు దానికి నిర్ణయించిన కొలతల్లో ఏవి చెదిరాయో కనిపెట్టి, వాటిని ఒక్కొక్కటిగా మళ్ళీ ఆ కొలతలకు తేవడమే ట్యూనింగ్. ఎక్కువ డీజిల్ పోసి తెచ్చుకునే బలానికి పిస్టన్లతోనూ వాల్వులతోనూ మూల్యం చెల్లించవలసి వస్తుంది. దాన్ని ట్యూనింగ్ అనడానికి నేను ఒప్పుకోను.

చెప్పబోయేదంతా యాంత్రిక పంపుతో నడిచే ఆరు సిలిండర్ల పాత ఇంజిన్లకు వర్తిస్తుంది. నా అనుభవం ఎక్కువగా టాటా 697 ఇంజినుతో. 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో టాటావారి టెల్కో కుదుర్చుకున్న సహకార ఒప్పందం 1969లో ముగిసింది కానీ, ఆ ఇంజిన్ల పోలిక మాత్రం ఇక్కడే నిలిచిపోయింది. 97 మి.మీ. బోరు (సిలిండర్ లోపలి వ్యాసం), 128 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), ఆరు సిలిండర్లకు కలిపి 5,675 సి.సి. ఉన్న ఈ ఇంజిను కొలతలు మెర్సిడెస్ ఓఎం 352 కొలతలే. అశోక్ లేలాండ్ పాత ఇంజిన్లకూ ఇదే పని వరుస పనికొస్తుంది. అయితే నేను ఇచ్చే అంకెలు టర్బో లేని 697 ఇంజినువి. మీ ఇంజిను వేరేదైతే దాని పుస్తకంలో, ఇంజిను మీది ప్లేటులో ఉన్న అంకెలే మీకు ప్రమాణం. కామన్ రైల్ (అన్ని నాజిళ్ళకూ ఒకే గొట్టంలో అధిక ఒత్తిడితో డీజిల్ నిలిపి ఉంచే ఏర్పాటు) ఉన్న కొత్త ఇంజిన్ల మీద మాత్రం ఈ పద్ధతులు వేటినీ ప్రయోగించవద్దు. వాటి పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్‌కు పైగా ఉంటుంది, నడుస్తుండగా అక్కడ ఒక నట్టు వదులు చేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

స్పానర్ పట్టుకోకముందు ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ట్యాంకు మూతిదాకా నింపి, కిలోమీటర్ల మీటరు రాసుకుని, ఎప్పుడూ తిరిగే దారిలోనే తిరిగి వచ్చి, మళ్ళీ మూతిదాకా నింపితే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తున్నదో తెలుస్తుంది. పొద్దున చల్లటి ఇంజిను ఎన్ని సెకన్లకు స్టార్టవుతున్నదీ, అప్పుడు పొగ ఏ రంగులో ఉన్నదీ, వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ ఎంత ఉన్నదీ, ఘాటు ఎక్కేటప్పుడు ఉష్ణోగ్రత ముల్లు ఎక్కడిదాకా వెళ్తున్నదీ, వారంలో ఎంత ఇంజిన్ ఆయిల్, ఎంత రేడియేటర్ నీరు పోయవలసి వస్తున్నదీ తేదీలతో రాయండి. ఈ లెక్క లేనిదే పని చేశాక ఇంజిను బాగుపడిందో లేదో చెప్పడానికి డ్రైవరు మాట తప్ప మరే ఆధారమూ ఉండదు. ఒక్కో పని చేశాక మళ్ళీ కొలవాలి. నాలుగు పనులు ఒకే రోజు చేస్తే ఏది పనిచేసిందో ఎన్నటికీ తెలియదు.

పొగ రంగును చదవడం కష్టమేమీ కాదు. నల్లపొగ అంటే లోపలికి పోతున్న గాలికి మించిన డీజిల్ పడుతోంది. గాలి తగ్గి ఉండవచ్చు, డీజిల్ పెరిగి ఉండవచ్చు, లేదా నాజిల్ డీజిల్‌ను సరిగా తుంపరగా విడగొట్టకపోవచ్చు. నీలం పొగ అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. చల్లటి ఇంజిను స్టార్టైన కొత్తలో వచ్చే తెల్లపొగ వేడెక్కాక పోతే దిగులుపడనక్కరలేదు. వేడెక్కాక కూడా కళ్ళు మండించే తెల్లపొగ వస్తూ ఉంటే టైమింగ్ (సిలిండర్‌లో డీజిల్ పడే సమయం) వెనకబడిందనో, ఏదో సిలిండర్‌లో కంప్రెషన్ తగ్గిందనో అనుమానించాలి. దానికి తోడు రేడియేటర్‌లో నీరు తగ్గుతూ ఉంటే హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాలి.

మొదట గాలి

నల్లపొగ వస్తే మొదట చూడవలసింది ఎయిర్ ఫిల్టర్. ఇది చెప్పడం ఎంత సులభమో మరిచిపోవడం అంత సులభమని నా సొంత నష్టంతో తెలుసుకున్నాను. ఒక మామిడి సీజనులో, తోతాపురి కాయలు గుజ్జు ఫ్యాక్టరీలకు తోలే రోజుల్లో, మా లారీకి ఉన్నట్టుండి పికప్ పడిపోయింది. ఫిల్టరు శుభ్రంగానే ఉంది. ఒక షెడ్డులో పంపు సీలు తెంపి డీజిల్ పెంచారు. లారీ రెండు వారాలు హుషారుగా నడిచి, ఆ తర్వాత మూడో సిలిండర్ పిస్టన్ పైభాగం కరిగి ఆగిపోయింది. ఇంజిను విప్పినప్పుడు అసలు కారణం బయటపడింది. ఎయిర్ ఫిల్టర్ నుంచి, సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డుకు వెళ్ళే రబ్బరు గొట్టం పైకి బాగానే కనిపిస్తున్నా, దాని లోపలి పొర ఊడి, ఇంజిను గట్టిగా గాలి పీల్చినప్పుడల్లా లోపలికి ముడుచుకుని దారి మూసేస్తోంది. గొట్టం మారిస్తే తీరిపోయే పనికి మొత్తం ఇంజిను దించవలసి వచ్చింది. అప్పటి నుంచి ఆ గొట్టాన్ని విప్పి, లోపలికి వేలు పెట్టి తడిమి చూడకుండా పొగ గురించి నేను మరే నిర్ణయానికీ రాను.

పాత లారీల్లో చాలావాటికి ఆయిల్ బాత్ ఫిల్టరు ఉంటుంది. దాని గిన్నెను దించి, అడుగున పేరుకున్న మడ్డిని తీసి, డీజిల్‌తో కడిగి ఆరబెట్టి, గుర్తు వరకు మాత్రమే కొత్త ఆయిల్ పోయాలి. గుర్తు దాటి పోస్తే ఆ ఆయిల్‌నే ఇంజిను పీల్చుకుని, యాక్సిలరేటర్ వదిలినా ఆగకుండా పిచ్చిగా తిరిగే ప్రమాదం ఉంది. పేపర్ ఎలిమెంటు ఉన్నవాటిలో దాన్ని చేతితో నెమ్మదిగా తట్టి దుమ్ము రాల్చవచ్చు కానీ, కంప్రెసర్ గాలిని దగ్గర నుంచి కొడితే కాగితానికి కంటికి ఆనని రంధ్రాలు పడతాయి. కుప్పం, చిత్తూరు చుట్టుపక్కల గ్రానైటు క్వారీల్లోకి వెళ్ళే లారీలకు ఈ విషయంలో రెట్టింపు జాగ్రత్త కావాలి. ఆ రాతి దుమ్ములోని సిలికా ఇనుము కంటే గట్టిది. ఫిల్టరు తర్వాత ఎక్కడైనా గొట్టం చీలినా, క్లిప్పు వదులైనా, ఆ దుమ్ము సరాసరి బోరులోకి వెళ్ళి దాని లోపలి గోడలైన లైనర్లను సానరాయిలా అరగదీస్తుంది. ఫిల్టరు తర్వాతి గొట్టం లోపలి గోడ మీద వేలితో రాస్తే దుమ్ము అంటకూడదు. అంటిందంటే ఎక్కడో సందు ఉందన్నమాట.

నీరు, ఆయిల్

మన వైపు బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళే రేడియేటర్‌లో పోసిన ఇంజిను లోపల, అన్నం గిన్నె అడుగున పట్టినట్టుగా, తెల్లటి పొర పట్టి ఉంటుంది. ఆ పొర వేడిని నీళ్ళలోకి పోనివ్వదు. ముల్లు మామూలుగానే ఉన్నట్టు కనిపిస్తున్నా, సిలిండర్ హెడ్‌లో వాల్వుల మధ్య లోహం అతిగా వేడెక్కి పగుళ్ళు పడుతుంది. కాబట్టి శుద్ధి చేసిన నీరు కలిపిన కూలెంట్ తప్ప మరేదీ పోయవద్దు. తడి లైనర్లు (బయటి గోడకు నీరు నేరుగా తగిలేవి) ఉన్న ఇంజిన్లలో కూలెంటుకు మరో పని కూడా ఉంది: లైనరు అదిరినప్పుడు దాని బయటి గోడ మీద పుట్టి పగిలే సన్నటి బుడగలు లోహాన్ని గుంటలు గుంటలుగా తినకుండా కూలెంట్‌లోని రసాయనాలే కాపాడతాయి.

ఎండాకాలంలో వేడి తగ్గుతుందని థర్మోస్టాట్‌ను (నీరు వేడెక్కేదాకా రేడియేటర్ దారి మూసి ఉంచే వాల్వును) తీసి పారేయడం మన దగ్గర అందరికీ తెలిసిన అలవాటు. ఇది తప్పని గట్టిగా చెబుతాను. థర్మోస్టాట్ లేని ఇంజిను తేలిక లోడులో చల్లగా నడుస్తుంది. చల్లటి బోరులో డీజిల్ పూర్తిగా కాలక, గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తూ కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. పైగా బైపాస్ దారి తెరిచే ఉండిపోతుంది కాబట్టి కొంత నీరు రేడియేటర్‌కు వెళ్ళకుండానే తిరుగుతుంది, దానివల్ల ఘాటు మీద వేడి తగ్గకపోగా పెరగవచ్చు. థర్మోస్టాట్‌ను పరీక్షించడం ఇంట్లోనే చేయవచ్చు. గిన్నెలో నీళ్ళు పోసి, దాన్ని దారంతో వేలాడదీసి, పక్కనే థర్మామీటరు ఉంచి కాచితే సుమారు 80 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. అలా తెరుచుకోని దాన్ని మార్చాలి. ఫ్యాన్ బెల్టు బిగువు, రేడియేటర్ మూత రబ్బరు, రేడియేటర్ రెక్కల మధ్య ఇరుక్కున్న పురుగులూ పొట్టూ కూడా అదే పూట చూసుకోవాలి.

ఆయిల్ గురించి చెప్పవలసింది కొద్దిగానే. పుస్తకంలో చెప్పిన శ్రేణి ఆయిల్‌ను, చెప్పిన కిలోమీటర్లకు, ఫిల్టర్‌తో సహా మార్చాలి. దుమ్ములో, ఘాట్లలో తిరిగే లారీకి ఆ గడువు ఇంకా తగ్గించాలి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గడం కంటే పెరగడమే ఎక్కువ ప్రమాదకరమైన సూచన. పెరిగిన ఆయిల్ పల్చబడి డీజిల్ వాసన వస్తే ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ పీల్చే చిన్న పంపు) నుంచో, కారుతున్న నాజిల్ నుంచో, అరిగిన పంపు ఎలిమెంట్ల (ఒక్కో సిలిండర్‌కు డీజిల్ తోసే కడ్డీల) నుంచో డీజిల్ దిగుతోంది. ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే నీరు కలిసింది. ఈ రెంటిలో ఏది కనిపించినా ఆ రోజు లారీని లోడుకు పంపకండి.

డీజిల్ దారి

ట్యాంకు నుంచి పంపు వరకు డీజిల్ సరిగ్గా వస్తున్నదో లేదో చూడకుండా పంపును నిందించడం అన్యాయం. ట్యాంకు అడుగు బోల్టు విప్పి నీరూ మడ్డీ వదలాలి. ఫీడ్ పంపు దగ్గరి జల్లెడను కడగాలి. రెండు ఫిల్టర్లున్న చోట, మొదటిదాన్నీ రెండోదాన్నీ గడువు ప్రకారం మార్చాలి. ఫిల్టరును కడిగి మళ్ళీ వేసే అలవాటు వల్ల మిగిలే డబ్బు, పంపు ఎలిమెంట్ల ధర ముందు లెక్కలోకి రాదు. ఆ ఎలిమెంటుకూ దాని బారెల్‌కూ మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో ఉంటుంది, వాటికి డీజిలే కందెన.

ఎయిర్ పట్టడం అనే జబ్బులో ఒక తిరకాసు ఉంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు వరకు ఉన్న పైపులో డీజిల్ పీల్చబడుతుంది, తోయబడదు. అందువల్ల అక్కడ జాయింటు వదులైతే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. బయట ఎంత తుడిచి చూసినా తడి కనపడదు. ఫీడ్ పంపు తర్వాత కొద్దిసేపు ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం అమర్చి ఇంజిను నడిపితే బుడగలు కళ్ళముందే కనిపిస్తాయి. అప్పుడు ఒక్కో జాయింటూ బిగించి, రాగి వాషర్లు కొత్తవి వేస్తూ వెనక్కి వెళ్ళాలి. గాలి తీసేటప్పుడు మొదట ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి హ్యాండ్ ప్రైమర్‌తో బుడగలు ఆగేదాకా కొట్టాలి. తర్వాత పంపు మీది స్క్రూ దగ్గర కూడా అలాగే చేయాలి. చివరగా నాజిళ్ళ దగ్గరి నట్లను వదులు చేసి స్టార్టర్ తిప్పి, డీజిల్ రాగానే బిగించాలి. స్టార్టర్‌ను ఒకేసారి పది పదిహేను సెకన్లకు మించి తిప్పకుండా, మధ్యలో దానికి విరామం ఇవ్వాలి.

ట్యాపెట్లు

ట్యాపెట్లు సరిచేయడమంటే వాల్వుకూ, దాన్ని నొక్కి తెరిచే రాకర్‌కూ మధ్య సందును సరిచేయడం. నేను ఈ పని మీద అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెడతాను. కారణం ఏమిటంటే, దీనికి ఒక ఫీలర్ గేజ్, రెండు స్పానర్లు, ఒక స్క్రూడ్రైవరు తప్ప ఏమీ అక్కర్లేదు. ఖర్చు కవర్ గ్యాస్కెట్‌ది మాత్రమే, ఫలితం మాత్రం ఇంజిను శబ్దంలోనే వినిపిస్తుంది. వాల్వుకూ రాకర్‌కూ మధ్య సందు తక్కువైతే వాల్వు పూర్తిగా మూసుకోదు, మండే వాయువులు ఆ సందులోంచి దూసుకుపోయి ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోతుంది. సందు ఎక్కువైతే టకటక శబ్దం వస్తుంది, వాల్వు ఆలస్యంగా తెరుచుకుని తొందరగా మూసుకుంటుంది, ఇంజినుకు ఊపిరి తగ్గుతుంది. శబ్దం వచ్చే ఇంజిను గురించి అందరూ పట్టించుకుంటారు. బిగుసుకున్న ట్యాపెట్లతో నిశ్శబ్దంగా నడిచే ఇంజినే ఎక్కువ మోసం చేస్తుంది.

రాత్రంతా ఆగి చల్లబడిన ఇంజిను మీద ఈ పని చేయాలి. 697 ఇంజినుకు చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్ వాల్వు సందు 0.20 మి.మీ., ఎగ్జాస్ట్ వాల్వు సందు 0.30 మి.మీ. ఎగ్జాస్ట్ వాల్వు ఎక్కువ వేడెక్కి ఎక్కువ సాగుతుంది కాబట్టి దానికి ఎక్కువ సందు ఇచ్చారు. స్టాప్ తీగను లాగి కట్టేసి, బ్యాటరీ కనెక్షను తీసేసి, గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసి, చక్రాలకు అడ్డు పెట్టి అప్పుడు కవర్ విప్పాలి. ఏ వాల్వు ఇన్‌లెట్, ఏది ఎగ్జాస్ట్ అన్నది ఎదురుగా ఉన్న మానిఫోల్డు గొట్టాన్ని బట్టి నిర్ధారించుకుని సుద్దముక్కతో గుర్తు పెట్టుకోవాలి.

ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లలో డీజిల్ మండే వరుస, 1-5-3-6-2-4. ఈ వరుసలో ఒకదానికొకటి ఎదురుగా పడే జంటలు 1-6, 5-2, 3-4. ఒక జంటలో రెండు పిస్టన్లూ ఒకేసారి పైకి వస్తాయి. అయితే ఒకటి కంప్రెషన్ చివర ఉన్నప్పుడు రెండోది పొగ వదలడం ముగించి గాలి పీల్చడం మొదలుపెడుతుంది. ఆ రెండో సిలిండర్‌లో ఎగ్జాస్ట్ రాకర్ లేస్తూ ఇన్‌లెట్ రాకర్ దిగుతూ, రెండూ తూగుటుయ్యాలలా కదిలే క్షణం స్పష్టంగా కనిపిస్తుంది. మనకు కావలసింది ఆ క్షణమే. క్రాంకును అది నడిచే దిశలో తిప్పుతూ, ఆరో సిలిండర్ రాకర్లు తూగే చోట ఆపి, మొదటి సిలిండర్ వాల్వులు రెండూ సరిచేయాలి. అక్కడి నుంచి క్రాంకును ఒక చుట్టులో మూడో వంతు, అంటే 120 డిగ్రీలు తిప్పితే రెండో సిలిండర్ తూగుతుంది, అప్పుడు ఐదోది సరిచేయాలి. తర్వాత నాలుగోది తూగినప్పుడు మూడోది, ఒకటోది తూగినప్పుడు ఆరోది, ఐదోది తూగినప్పుడు రెండోది, చివరగా మూడోది తూగినప్పుడు నాలుగోది. క్రాంకు రెండు చుట్లు తిరిగేసరికి పన్నెండు వాల్వులూ పూర్తవుతాయి.

గేజి రేకు సందులోంచి కాస్త పట్టినట్టుగా, పేజీల మధ్య నుంచి కాగితం లాగినట్టుగా రావాలి. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా కొంచెం తిరుగుతుంది కాబట్టి బిగించాక మళ్ళీ కొలవడం తప్పనిసరి. రాకర్ కొనలో వాల్వు తాకే చోట గుంట పడి ఉంటే చదునైన రేకు ఆ గుంట మీదుగా జారి తప్పు కొలత చూపిస్తుంది, అటువంటి రాకర్‌ను మార్చాలి లేదా సాన పట్టించాలి. హెడ్ బోల్టులను బిగించవలసి ఉంటే ట్యాపెట్ల కంటే ముందే ఆ పని చేయాలి. హెడ్ కిందికి దిగితే సందులన్నీ మారిపోతాయి.

నాజిళ్ళు

ఏ సిలిండర్ బలహీనంగా ఉందో కనుక్కోవడానికి ఇంజిను ఐడిలింగ్‌లో ఉండగా ఒక్కో నాజిల్ పైపు నట్టును అర చుట్టు వదులు చేసి, శబ్దం విని మళ్ళీ బిగించాలి. వదులు చేసినప్పుడు ఇంజిను తడబడితే ఆ సిలిండర్ పనిచేస్తోంది. ఏ తేడా లేకపోతే లోపం అక్కడే ఉంది. ఆ సిలిండర్ నాజిల్‌ను పక్కదానితో మార్చి చూస్తే, లోపం నాజిల్‌తో పాటు జరిగిందా, సిలిండర్‌లోనే ఉండిపోయిందా అన్నది తేలిపోతుంది. సిలిండర్‌లోనే ఉండిపోతే అన్ని నాజిళ్ళూ తీసి కంప్రెషన్ గేజీతో ఆరింటినీ కొలిపించాలి. అన్నీ కొంచెం తక్కువగా ఉండటం కంటే, ఒక్కటి మిగతావాటి కంటే బాగా తక్కువగా ఉండటమే పెద్ద జబ్బు.

తీసిన నాజిల్‌ను ఉక్కు బ్రష్‌తో గీకకండి, ఇత్తడి బ్రష్ వాడండి. చేతి పంపు టెస్టర్ మీద మూడు విషయాలు చూడాలి. తెరుచుకునే ఒత్తిడి ఈ ఇంజినుకు సుమారు 200 బార్ ఉండాలి. రంధ్రాలన్నిటి నుంచి పొగమంచులా సమంగా తుంపర రావాలి. తెరుచుకునే ఒత్తిడి కంటే 20 బార్ తక్కువలో పది సెకన్లు పట్టి ఉంచినప్పుడు మొనకు చుక్క దిగకూడదు. ఆ తుంపర ముందు ఎట్టి పరిస్థితిలోనూ చేయి పెట్టకండి. అది చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా ఆలస్యం చేస్తే వేలు తీసేయవలసి రావచ్చు. అలా జరిగితే నొప్పి కోసం ఎదురుచూడకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళి, డీజిల్ ఒత్తిడితో లోపలికి పోయిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి.

నాజిల్ తిరిగి బిగించేటప్పుడు కింది రాగి వాషర్ కొత్తది, ఒక్కటే ఉండాలి. పాతది లోపలే అంటుకుని ఉండగా మీద ఇంకొకటి వేస్తే మొన పైకి లేచి, డీజిల్ పిస్టన్ గుంటలో పడవలసిన చోట పడదు.

టైమింగ్, ఆ తర్వాతే పంపు

గాలి, డీజిల్ దారి, ట్యాపెట్లు, నాజిళ్ళు సరిగ్గా ఉన్నాయని తేలాక కూడా ఇంజిను మందంగా, వేడిగా, తెల్లపొగతో ఉంటే పంపు టైమింగ్ వెనకబడిందేమో చూడాలి. ముందుకు జరిగితే ఇంజిను సుత్తితో కొట్టినట్టు గట్టిగా మోగుతుంది, హెడ్ గ్యాస్కెట్ మీదా బేరింగుల మీదా భారం పడుతుంది. దీన్ని కొలవడానికి మొదటి సిలిండర్‌ను కంప్రెషన్ స్ట్రోకులోకి తెచ్చి, పంపు మీద దాని డెలివరీ వాల్వునూ స్ప్రింగునూ తీసి శుభ్రమైన డీజిల్ గిన్నెలో ఉంచి, ఆ చోట హంస మెడలా వంగిన సన్నటి గొట్టం బిగించాలి. కంట్రోల్ లివర్‌ను పూర్తి డీజిల్ వైపు ఉంచి ప్రైమర్ కొడుతుంటే గొట్టం నుంచి డీజిల్ ధార వస్తుంది. క్రాంకును నెమ్మదిగా, నడిచే దిశలోనే తిప్పుతూ పోతే ధార సన్నబడి చుక్కలుగా మారుతుంది. ఎలిమెంటు దారి మూసి డీజిల్‌ను తోయడం మొదలుపెట్టేది అక్కడే. ఆ సమయంలో పుల్లీ మీద టైమింగ్ గుర్తు ముల్లుకు ఎదురుగా ఉండాలి. గుర్తు దాటిపోతే వెనక్కి కొద్దిగా తిప్పి సరిపెట్టుకోవద్దు. గేర్ల మధ్య సందు వల్ల కొలత తప్పుతుంది. పావు చుట్టు వెనక్కి వెళ్ళి మళ్ళీ ముందుకు రావాలి. తేడా ఉంటే పంపు ఫ్లాంజి బోల్టులు వదులు చేసి పంపును రవ్వంత తిప్పి, బిగించి, మళ్ళీ మొదటి నుంచీ కొలవాలి.

ఇక పంపు. పాత లారీల్లో ఎక్కువగా ఉన్నది మైకో పంపు. 1951లో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీగా మొదలైన ఆ సంస్థ 2008 నుంచి బాష్ లిమిటెడ్ అన్న పేరుతో నడుస్తోంది కానీ, షెడ్లలో మైకో అన్న పేరే నిలిచిపోయింది. ఈ పంపును లారీ మీద ఉండగా స్క్రూ తిప్పి సరిచేయలేరు. ఆరు ఎలిమెంట్లూ సమానంగా డీజిల్ ఇస్తున్నాయా, ఏ వేగంలో ఎంత ఇస్తున్నాయి, గవర్నర్ (వేగాన్ని బట్టి డీజిల్‌ను అదుపు చేసే భాగం) ఎక్కడ డీజిల్ తగ్గిస్తోంది అన్నవి టెస్ట్ బెంచి మీద, గాజు గొట్టాల్లో కొలిస్తేనే తెలుస్తాయి. కాబట్టి పంపును దించి కాలిబ్రేషన్‌కు ఇవ్వండి, ఆ పంపు నంబరుకు ఉన్న చార్టు ప్రకారమే సెట్ చేయమని అడగండి, కొలతల కాగితం తీసుకోండి, సీసం సీలు వేయించండి. పూర్తి లోడు స్క్రూ, గరిష్ఠ వేగం స్క్రూ ఈ రెంటినీ షెడ్డులో ఎవరూ ముట్టుకోకూడదు. ఐడిలింగ్ స్క్రూ మాత్రం, ఇంజిను బాగా వేడెక్కాక, మీరు సరిచేసుకోవచ్చు.

డీజిల్ పెంచిన లారీ పొగ పరీక్షలో కూడా దొరికిపోతుంది. బీఎస్-4 (కాలుష్య ప్రమాణాల నాలుగో దశ) కంటే ముందు తయారైన డీజిల్ బండ్లకు, గేరు న్యూట్రల్‌లో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి చేసే ఆ పరీక్షలో హద్దు 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ చిక్కదనపు కొలత). గాలీ నాజిళ్ళూ సరిగ్గా ఉండి, పంపు చార్టు ప్రకారం ఉన్న పాత ఇంజిను ఆ హద్దుకు లోపలే ఉండి భయం లేకుండా పరీక్షలో నెగ్గగలదు. ఎనిమిదేళ్ళు నిండిన లారీకి ప్రతి ఏడూ ఫిట్‌నెస్ చేయించవలసి ఉంటుంది కాబట్టి, ఈ పనుల వరుసను ఆ తేదీకి నెల ముందు పెట్టుకోవడం నా పద్ధతి.

ఘాటు మీద

సరిచేసిన ఇంజినును పాడు చేయడానికి ఒక్క దిగుడు చాలు. గవర్నర్ డీజిల్‌ను మాత్రమే అదుపు చేయగలదు. మొగిలి ఘాటులోనో, మదనపల్లె నుంచి టమాటా లోడుతో తిరుపతికి వచ్చేటప్పుడు భాకరాపేట ఘాటులోనో లారీ బరువే చక్రాల ద్వారా ఇంజినును తిప్పుతుంటే గవర్నర్ చేయగలిగేది ఏమీ లేదు. 697 ఇంజిను గరిష్ఠ శక్తి వేగం నిమిషానికి 2,800 చుట్లు. దిగుడులో దాన్ని బాగా దాటితే వాల్వు స్ప్రింగులు వెంబడించలేక వాల్వులు పిస్టన్లకు తగిలి, పుష్ రాడ్లు వంగుతాయి. అందువల్ల ఘాటు మొదట్లోనే తక్కువ గేరు వేసి, ఎక్కువ గేరులోకి మారకుండా, బ్రేకు ఆగి ఆగి నొక్కుతూ దిగాలి. న్యూట్రల్‌లో దిగడం, ఇంజిను ఆపి దిగడం ప్రాణాంతకం. ఎక్కేటప్పుడు ఇంజిను మూలుగుతూ వేగం పడిపోయేదాకా ఆగకుండా ముందే గేరు తగ్గించాలి. టర్బో ఉన్న ఇంజిను అయితే ఘాటు ఎక్కి ఆగిన వెంటనే ఆపకుండా రెండు మూడు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచాలి. ఎర్రగా కాలిన టర్బో షాఫ్టుకు అప్పుడు ఆయిల్ ఆగిపోతే, మిగిలిన ఆయిల్ అక్కడే మాడి బొగ్గవుతుంది.

పనులన్నీ పూర్తయ్యాక మొదటి లోడు సగం బరువుతో, తెలిసిన దారిలో వేయండి. తిరిగి వచ్చాక వేడి ఇంజిను మీద ప్రతి జాయింటునూ టార్చి వేసి చూసి, మర్నాడు చల్లబడ్డాక నీరూ ఆయిలూ కొలిచి, నోటుబుక్కులో పాత అంకెల పక్కన కొత్తవి రాయండి. హెడ్ విప్పిన ఇంజిను అయితే పుస్తకంలో చెప్పిన కిలోమీటర్లకు బోల్టులు మళ్ళీ బిగించి, ట్యాపెట్లు మరొక్కసారి కొలవాలి.